బెరడుతో కలిపి 148వ అంతస్తు

ముప్పై ఏళ్లు అండమాన్‌లోని చాతం రంపపు మిల్లులో దుంగలు కొలిచినవాణ్ణి. పడాక్ దుంగ కంటపడితే టేపు తియ్యకముందే చుట్టుకొలత చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు ఊళ్లో ప్రచారం చేసింది కూడా నేనే. మా ఆవిడ మాత్రం పెళ్లయిన కొత్తలోనే నా వృత్తి రహస్యం పట్టేసింది. దుంగని బెరడుతో కలిపి కొలిస్తే ఒక లెక్క, బెరడు తీసి కొలిస్తే ఇంకో లెక్క. అప్పట్నుంచి నేనేం చెప్పినా, "బెరడుతోనా, తీసేశాకా?" అని అడగడం ఆవిడకి అలవాటైపోయింది.

కిందటి మే నెలలో మా అమ్మాయి దుబాయికి రమ్మంది. "నాన్నా, బుర్జ్ ఖలీఫాకి టికెట్లు ముందే కొనాలి. ఏ అంతస్తుకి, ఎన్ని గంటలకి? రెండే చెప్పు" అంది ఫోన్లో. ఆ రెండూ చెప్పడానికి నాకు మూడు వారాలూ, ఒక నోటుపుస్తకమూ పట్టాయి.

మా కష్టం బయటివాళ్లకి తెలీదు. చాతం వాళ్లం పైకి చూసి ఎరగం. 1883లో పెట్టిన మా మిల్లు చూడ్డానికొచ్చే టూరిస్టులు కూడా, యుద్ధకాలంలో బాంబు పడ్డ గుంత దగ్గర నిలబడి కిందికే చూస్తారు. మా దీవులన్నిట్లోకీ ఎత్తయిన శాడిల్ పీక్ 732 మీటర్లు. 2010 జనవరిలో తెరిచిన ఆ భవనం 828. అంటే మా కొండని తెచ్చి పక్కన నిలబెట్టినా ఇంకా పైన దాదాపు వంద మీటర్లు మిగులుతుంది. అలాంటిదానికి టికెట్టు కొనడమంటే ఆషామాషీయా?

124, 125 అంతస్తులకి ఒక టికెట్టు. 148కి ఇంకోటి. ధరల్లో తేడా చూసి నాకు అక్కడే కళ్లు తిరిగాయి. అయినా పరువు సంగతి కదా, 148 అన్నాను.

"124 ఎంతెత్తు?" అంది మా ఆవిడ, చేప ముక్కలకి పసుపు రాస్తూ.

"452 మీటర్లు."

"148?"

"555."

"తేడా నూట మూడు. మన చాతం వంతెనంత. రోజూ ఊరికే నడిచే వంతెనని నిలబెట్టి చూపిస్తే అంత డబ్బు ఇస్తారా?"

ఊరుకున్నానా? సూర్యాస్తమయం ఆలోచన తెచ్చాను. ఎంత ఎత్తుకెళితే సూర్యుడు అంత ఆలస్యంగా అస్తమిస్తాడని, ఆ పైఅంతస్తుల వాళ్లు రంజాన్ ఉపవాసం ఆలస్యంగా విడవాలని 2011లో అక్కడి మతపెద్దే చెప్పాడని వివరించాను. 80 దాటితే రెండు నిమిషాలు, 150 దాటితే మూడు.

మా ఆవిడ రాస్తున్న చెయ్యి ఆపింది. "అయితే 124కీ రెండే, 148కీ రెండే కదండీ?"

నా లెక్క తెచ్చి నన్నే ముంచింది. 124కే కొన్నాం.

ఇక టైము. ఇది మాత్రం నాకు వదిలెయ్యమన్నాను. సాయంత్రం టికెట్లు ప్రియమే గాని, సూర్యాస్తమయం చూడకపోతే ఎక్కడం ఎందుకు? అమ్మాయి ఏదో చెప్పబోతే, "ఏళ్ల తరబడి జెట్టీలో సూర్యుణ్ణి చూస్తున్నవాణ్ణి, నాకు చెప్తావా?" అని నోరు మూయించాను. మేలో మాకు ఐదున్నర దాటగానే పొద్దుగూకుతుంది. ఐదింటికి కొనిపించాను. దిగగానే గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకున్నాను కూడా.

గడియారమైతే తిప్పాను గాని, సూర్యుడు నా మాట వినలేదు. దేశం మొత్తానికీ గడియారం కాకినాడ దగ్గరగా పోయే రేఖని బట్టి నడుస్తుంది. మేం దానికి బాగా తూర్పున ఉన్నాం కాబట్టి మాకు పెందలాడే చీకటి పడుతుంది. దుబాయి తన రేఖకి పడమట ఉంది. పైగా ఎండాకాలం. అక్కడ పొద్దుగూకేసరికి ఏడు కావస్తుంది.

లిఫ్టు నిమిషంలో పైకి చేర్చింది. ఐదున్నరకి సూర్యుడు పడమట ఇంకా పైనే, దుమ్ములో, నన్నే చూస్తూ ఉన్నాడు. ఆరయింది. కదల్లేదు. "ఇంకో పావుగంట" అన్నాను. "బెరడుతోనా?" అంది. ఆరుంబావుకి మోకాళ్లు లాగేస్తున్నాయంటే దిగిపోయాం. కింద కొలను గట్టున కూర్చుని సూర్యాస్తమయం చూశాం, టికెట్టు లేకుండా. తల ఎత్తి చూస్తే, సరైన టైముకి కొన్నవాళ్లు పైన ఆ రెండు నిమిషాల ఎండలోనే ఉన్నారు.

ఊరొచ్చాక చాతం జెట్టీలో టీ కొట్టు దగ్గర పాత స్నేహితులు చుట్టుముట్టారు. "ఎన్నో అంతస్తు దాకా వెళ్లారు మాస్టారూ?"

"148" అన్నాను, టీ ఊదుకుంటూ. "సూర్యాస్తమయం చూడాలంటే అక్కడే చూడాలి."

బేంబూ ఫ్లాట్ బోటు కోసం సంచి పట్టుకుని నిలబడ్డ మా ఆవిడ ఇటు తిరగనైనా తిరగలేదు.

"బెరడు తీస్తే 124" అంది. "సూర్యుడు మొత్తం బెరడే."