ఒళ్లు అలవకుండా హోమ్ థియేటర్ సెట్టింగ్

డెనాన్, మరాంజ్ రిసీవర్లలో ఆడిస్సీ ఉంటుంది, యమహాలో వైపావో. డబ్బాలో వచ్చిన మైకు గుచ్చితే చాలు, ఒక్కో స్పీకర్‌ను కూయించి అది ఎంత దూరంలో ఉందో, ఎంత మోగాలో, గది ఏ శబ్దాన్ని ఉబ్బిస్తోందో రిసీవరే లెక్క కట్టుకుంటుంది. యంత్రం ఇంత కష్టపడుతుంటే మనమూ పడడం దండగ. ఇలా చెయ్యండి.

1. మొదటి కొలత మీరు కూర్చునే చోట, చెవి ఎత్తులో తియ్యమంటారు. వైరు సోఫా దాకా లాగే పని పెట్టుకోకండి. రిసీవర్ పక్కనే ఉన్న ఎడమ స్పీకర్ మీద మైకు పడేయండి. దూరాలన్నీ తేలేది ఈ మొదటి కొలతతోనే. ఎడమది చెవిలో దూరినంత దగ్గరుందనుకుని రిసీవర్ దాని గొంతు నొక్కి, ఆలస్యంగా వదులుతుంది. ఇక తెర మధ్యలో వినిపించాల్సిన పాట కుడివైపుకు జరిగిపోతుంది. చుట్టాలకు అదే సరౌండ్ అని చెప్పండి.

2. ఆడిస్సీలో ఎక్స్‌టీ32 రకం ఎనిమిది చోట్ల కొలవమంటుంది. మైకు కదపకుండా ఎనిమిదిసార్లూ బటన్ నొక్కండి. తెరమీద అన్నీ పూర్తయినట్టే చూపిస్తుంది. ఇంట్లో ఎవరైనా అడిగితే ఆ తెరే సాక్ష్యం.

3. ఫ్యాన్, ఏసీ ఆపకండి. చప్పుడు ఎక్కువగా ఉందని రిసీవర్ మొరాయిస్తే మళ్లీ నొక్కండి. కుక్కర్ విజిళ్ల మధ్యలో ఎప్పుడో ఒప్పుకుంటుంది.

4. కొలతలయ్యాక సబ్ వూఫర్ దూరం చూడండి. తొమ్మిది అడుగుల్లో ఉన్నదాన్ని పద్నాలుగు అని చూపించవచ్చు. సబ్ లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని కూడా కలిపి వేసిన లెక్క అది. మీరు మాత్రం టేపు పెట్టి కొలిచి, తొమ్మిదికి దిద్దండి. ముందు స్పీకర్లూ సబ్బూ కలిసే చోట ఒకదాన్నొకటి కొట్టేసుకుని బేస్ సన్నబడుతుంది. కింది ఫ్లాట్‌వాళ్లతో పేచీ తప్పినట్టే. ఈ ఒక్కదానికి మాత్రం లేచి టేపు వెతకండి, ఫలితం ఉంటుంది.

5. మీ స్పీకర్లను స్మాల్ అని ఉంచి, 80 హెర్ట్జ్ కిందిదంతా సబ్‌కు వదిలెయ్యమంటారు. అప్పుచేసి కొన్నవాటిని చిన్నవి అనిపించుకుంటారా? అరచెయ్యంత వూఫర్ ఉన్నా సరే, లార్జ్ పెట్టండి.

6. సోఫా జరిపినా, పరదాలు తీసేసినా మళ్లీ కొలవకండి. డైలాగ్ వినపడకపోతే ఓటీటీ ప్రింట్ బాగాలేదనండి. థియేటర్‌లోనూ ఇలాగే ఉందనండి.

7. ఆ మైకు మీ రిసీవర్‌కు సరిపోయేలా ఇచ్చింది, వేరే మైకుతో కొలతలు కుదరవు. కాబట్టి ఈ రాత్రే పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేయండి. రేపు ఎవరైనా మళ్లీ కొలుద్దామన్నా మైకు ఉండదు.