అండర్ రివ్యూలో ఆదోని

అమెరికా విశ్వవిద్యాలయాలకు పీహెచ్‌డీ ప్రవేశం కోరుతూ దరఖాస్తు పెట్టిన నాటికీ, వాటి నుంచి అవుననో కాదనో జవాబు వచ్చే నాటికీ నడుమ గడిచే మూడు నాలుగు నెలల నిరీక్షణను దరఖాస్తుదారు సొంత అనుభవంగా భావించడం లోకంలో పరిపాటి. కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల తీరు తెలిసినవారు ఈ అభిప్రాయాన్ని అంగీకరించరు. దరఖాస్తుదారు అప్పటికే డల్లాస్‌లోనో అరిజోనాలోనో ఎంఎస్ చివరి సెమిస్టరులో ఉండి, ఒక కంట ప్రాజెక్టు రిపోర్టునూ మరో కంట పొయ్యి మీది కుక్కరునూ కనిపెట్టుకుంటూ ఉంటాడు కనుక ఎదురుచూడడానికి అతనికి తీరిక చిక్కదు. ఆ బాధ్యతను పూర్తికాలపు వృత్తిగా స్వీకరించి, వేళకు నిద్రలేచి మరీ నిర్వహిస్తున్నవారు ఇక్కడి తల్లిదండ్రులు, మేనమామలు, ఎదురింటివారు, మార్కెట్ యార్డులో కాటా పక్కన కూర్చునే పెద్దమనుషులు.

ఈ వృత్తికి కచ్చితమైన పంచాంగం ఉంది. చాలా పీహెచ్‌డీ కోర్సులకు దరఖాస్తు గడువు డిసెంబరు మొదటి పక్షంలో ముగుస్తుంది. ఆ తర్వాత ఆచార్యులతో కూడిన ప్రవేశాల కమిటీ దరఖాస్తులు చదివి, కొందరిని జనవరి, ఫిబ్రవరి నెలల్లో వీడియోలో ఇంటర్వ్యూ చేసి, మార్చి వెళ్లేలోగా విడతలవారీగా జవాబులు పంపుతుంది. జనవరి అంటే ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర. రథోత్సవానికి ఊళ్లూళ్ల నుంచి దిగిన బంధువులు జాతర పశువుల సంతలో కోడెల పళ్లు చూసి వయసు తేల్చి, జత ధర అక్కడికక్కడే తెంచి, అదే ఊపున ఇంటికి వచ్చి, "ఏమప్పా, మీవానికి యాడన్నా వచ్చిందా?" అని విచారిస్తారు. "ఇంగా చూస్తాండారంట" అన్నది ఈ ప్రశ్నకు పెద్దలు నిర్ణయించిన సమాధానం. దీనికి మించి ఒక్క మాట ఎక్కువ చెప్పిన తండ్రి ఆ జాతర ముగిసేదాకా వివరణలు ఇచ్చుకోవలసి వస్తుంది.

కాలగణన విషయంలో ఈ పట్టణాలవారి పాండిత్యం గురించి కూడా చెప్పుకోవాలి. శీతకాలంలో టెక్సాస్ గడియారం మన గడియారానికి పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది కనుక, అక్కడి కార్యాలయం సాయంత్రం 5 గంటలకు తలుపులు మూసే సమయానికి ఆదోనిలో తెల్లవారుజామున నాలుగున్నర అవుతుంది. ఆ రోజు రావలసిన కబురేదో అప్పటికి వచ్చి ఉండాలి కాబట్టి నాలుగున్నరకు లేచి ఫోను చూసుకోవడం ఆచారంగా స్థిరపడింది. మార్చి రెండో ఆదివారం నుంచి అమెరికావారు పగటి వెలుగును పొదుపు చేసుకోవడానికి గడియారాలను గంట ముందుకు జరుపుతారు. ఆ మర్నాటి నుంచి మూడున్నరకే లేవాలన్న సంగతి ఖగోళశాస్త్రం చదవని నాయనమ్మలకు సైతం తెలుసు.

నిరీక్షణ ఈ ప్రాంతానికి కొత్త కాదు. తుంగభద్ర దిగువ కాలువ చివరి ఆయకట్టులో భూములున్నవారు నీటి కోసం ఎదురుచూడడాన్ని వారసత్వంగా పొందారు. వారికి కొరుకుడు పడనిది కారణం చెప్పని తిరస్కారం, ఎందుకంటే ఆదోని వారికి న్యాయశాస్త్రం నేర్పింది పత్తి యార్డు. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటైన ఆ యార్డులో రైతు పొద్దున్నే లాటు దింపుతాడు. కొనుగోలుదారు వచ్చి కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి, పైన పేర్చిన తెల్లటి పత్తిని నమ్మకుండా అడుగు నుంచి పిడికెడు లాగి, రెండు చేతుల వేళ్ల మధ్య మెల్లగా సాగదీసి పింజ పొడవు చూస్తాడు, గింజ నొక్కి చూస్తాడు, చెత్త ఎంతో చూస్తాడు, ముఖం చిట్లించి టెండరు వేస్తాడు. ధర ఎంతో ఆ రోజే తెలుస్తుంది, తగ్గితే ఎందుకు తగ్గిందో కూడా తెలుస్తుంది. మద్దతు ధరకు కొనే భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ, తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర ఇస్తుంది, 12 శాతం దాకా పెరిగిన తేమకు తగ్గట్టు కోత కోస్తుంది, 12 దాటితే వెనక్కి పంపుతుంది. వెనక్కి పంపిన లాటును రైతు ఎండబెట్టుకుని మళ్లీ తెచ్చుకుంటాడు.

ఈ శాస్త్రంలో పండిన తండ్రికి కొడుకు దరఖాస్తుల గతి అంతుపట్టదు. లాటు అప్పజెప్పి తొంభై రోజులైనా ఎవరైనా పిడికెడు తీసి చూసిన జాడ ఉండదు. దరఖాస్తు స్థితిని తెలిపే వెబ్ పేజీలో 'అండర్ రివ్యూ', అంటే పరిశీలనలో ఉన్నది, అనే రెండు మాటలు తప్ప మరేమీ కనిపించవు. చివరికి వచ్చే తిరస్కార లేఖ మరీ విచిత్రమైనది. ఈ ఏడాది ఎందరో ప్రతిభావంతులు దరఖాస్తు చేశారనీ, వారిలో అభ్యర్థి కూడా ఒకరనీ, స్థలాభావం వల్ల చేర్చుకోలేకపోతున్నామనీ, భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలనీ అందులో రాసి ఉంటుంది. కొడుకు ఆ లేఖను ఫోనులో తెలుగు చేసి చదివితే, తండ్రి చివరిదాకా విని, "అంతా బాగుందంటాండారు కదా, తక్కువైందేందంటరా నాయనా?" అని అడుగుతాడు. ఈ ప్రశ్నకు ఆ విశ్వవిద్యాలయంలో జవాబు చెప్పగలిగినవారు లేరు. యార్డు చరిత్రలో పత్తిని పొగిడి వెనక్కి పంపిన వ్యాపారి ఒక్కడూ లేడు.

పైగా పరిశీలనకు రుసుము ఉంది. ఒక్కో దరఖాస్తుకు సుమారు 100 డాలర్లు. ఫలితం ఏదైనా ఆ సొమ్ము తిరిగి రాదు. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు కాగా 100 డాలర్లు అంతకు కాస్త పైమాటే కనుక, పది విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టడమంటే పది క్వింటాళ్ల పైచిలుకు పత్తిని చూడని దొరలకు చూపుడు కూలీ కింద సమర్పించుకోవడం. అంత సరుకు తెచ్చిన రైతుకు కమీషన్ ఏజెంటు కనీసం టీ తెప్పిస్తాడు. అయితే యార్డును మరీ ఆకాశానికెత్తడం కూడా తగదు. 2025లో సీసీఐ 'కపాస్ కిసాన్' అనే యాప్ తెచ్చి, పత్తి అమ్మదలచిన రైతు అందులో పేరు నమోదు చేసుకుని స్లాటు తీసుకోవాలని నిర్దేశించింది కాబట్టి, ఫోను తెర వంక చూస్తూ కూర్చునే విద్య తండ్రికీ కొడుక్కీ ఉమ్మడి అయ్యే రోజు ఎంతో దూరంలో లేదు.

పూర్వం ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉండేది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో హార్వర్డుకు వెళ్లినప్పుడు సీటు దొరికింది గాని ఉపకార వేతనం దొరకలేదు, బోస్టన్ ఆస్పత్రిలో రాత్రిపూట చిల్లర పనులు చేసి చదువుకున్నాడు, పీహెచ్‌డీ చేతికి వచ్చేసరికి 1930 అయింది. ఆ రోజుల్లో ఉత్తరం ఓడలో రావలసి ఉండేది కనుక ఆలస్యమైతే నింద సముద్రం మీదికి పోయేది. ఇప్పుడు జవాబు రావడానికి అర క్షణం చాలునని అందరికీ తెలిసిపోయింది కాబట్టి నింద వేయడానికి దేవుళ్లు తప్ప ఎవరూ మిగల్లేదు. దేవుళ్లకు ఇక్కడ శాఖలు కేటాయించారు: అడ్మిషను ఆదోని రణమండల ఆంజనేయస్వామిది, ఫండింగు, అంటే ఫీజు మాఫీతో పాటు నెలనెలా ఇచ్చే భత్యం, మంత్రాలయం రాఘవేంద్రస్వామిది, వీసా మాత్రం హైదరాబాదు దగ్గరి చిలుకూరు బాలాజీది, కోరేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108.

రాఘవేంద్రస్వామి శాఖకు 2025లో గడ్డుకాలం దాపురించింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఆ ఏడాది ఫిబ్రవరి 7న పరిశోధన గ్రాంట్లలో పరోక్ష వ్యయాన్ని, అంటే ప్రయోగశాల భవనం, కరెంటు, కార్యాలయ నిర్వహణ వంటి వాటికి గ్రాంటు మీద అదనంగా ఇచ్చే వాటాను, 15 శాతానికి కుదిస్తున్నట్టు ప్రకటించింది. న్యాయస్థానాలు దాన్ని అడ్డుకున్నా, భయపడిన విశ్వవిద్యాలయాలు కొన్ని పీహెచ్‌డీ ప్రవేశాలను తగ్గించాయి, కొన్ని తాత్కాలికంగా ఆపాయి. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు చాన్ వైద్య విద్యాసంస్థ అప్పటికే ఇచ్చిన ప్రవేశాలను సైతం వెనక్కి తీసుకుంది. కాటా వేసి చీటీ రాసిచ్చాక సరుకు వద్దన్న ఈ వార్త విని యార్డు పెద్దమనుషులు అమెరికా మీద మిగిలిన కాస్త గౌరవాన్నీ ఉపసంహరించుకున్నారని తలచడంలో అతిశయోక్తి ఉండదు.

నిరీక్షణకు చట్టబద్ధమైన అంతం వంటిది ఏప్రిల్ 15. గ్రాడ్యుయేట్ కళాశాలల మండలి ఆమోదించిన ఒక తీర్మానం ప్రకారం, ఆర్థిక సహాయంతో ప్రవేశం పొందిన విద్యార్థి ఆ తేదీ వరకు అవునో కాదో చెప్పనవసరం లేదు. ఈ వెసులుబాటు పుణ్యమా అని నాలుగైదు చోట్ల సీటు దొరికినవాడు అన్నిటినీ చివరి రోజు దాకా చేతిలో పట్టుకుని కూర్చుంటాడు. అతడు వదిలితే దొరికే సీటు కోసం వెయిట్‌లిస్టులో, అనగా ఖాళీ వస్తే పిలుస్తామన్న జాబితాలో, ఉన్నవాడు కూర్చుంటాడు. అతడి కోసం ఎమ్మిగనూరు కూర్చుంటుంది. ఈలోగా ఉగాది వచ్చి, పంచాంగ శ్రవణంలో రాజపూజ్యం ఎంతో, అవమానం ఎంతో అంకెలతో సహా ప్రకటిస్తారు గాని అవి ఏ విశ్వవిద్యాలయానికి వర్తిస్తాయో సిద్ధాంతి చెప్పడు.

ఇంతటి యాతనకు మూలం విశ్వవిద్యాలయాల మౌనమేనని అందరూ అంటారు. కాస్త లోతుగా చూస్తే ఆ మౌనం వల్ల ఎవరికీ నష్టం లేకపోగా ప్రతివారికీ ఏదో ఒక లాభం కనిపిస్తుంది. ఎంఎస్ కోసం తెచ్చిన విద్యారుణం ఏడున్నర లక్షలు దాటింది కనుక బ్యాంకు తాకట్టు అడిగింది, తాకట్టులో ఇల్లు ఉంది. కాబట్టి కొడుకు ఓపీటీ మీద, అంటే చదివిన రంగంలో 12 నెలలు, సైన్సు, ఇంజనీరింగువారైతే అదనంగా మరో 24 నెలలు పనిచేసుకోనిచ్చే అనుమతి మీద, ఉద్యోగంలో చేరి బాకీ తీర్చాలని తండ్రి రహస్యంగా ఆశిస్తాడు, ఆంజనేయుడి మెట్లెక్కి ఏం మొక్కుకున్నాడో భార్యకు చెప్పడు. తల్లికి పేరు ముందు డాక్టరు కావాలి. నాయనమ్మకు పిల్లవాడు తిరిగి రావాలి. విద్యార్థికి మాత్రం ఇంకో అయిదేళ్లు ఎవరూ ఉద్యోగం గురించి అడగకుండా ఉంటే చాలు. జవాబు రానంత కాలం ఈ నాలుగు కోరికలూ ఒకే ఇంట్లో కలిసి భోంచేస్తాయి.

బయటివారి లాభాలను వేరుగా వివరించనవసరం లేదు. కన్సల్టెన్సీవారు అడ్మిటు వస్తే తమ మార్గదర్శనమనీ, రాకపోతే అభ్యర్థి స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో, అంటే తన ఆశయాన్ని వివరించే వ్యాసంలో, బలం లేదనీ చెప్పడానికి రెండు వాక్యాలూ సిద్ధంగా ఉంచుకుంటారు. పెళ్లి సంబంధాలు చూసే మధ్యవర్తి బయోడేటాలో 'ఎంఎస్ అమెరికా, పీహెచ్‌డీ ప్రయత్నంలో' అని రాస్తాడు. ఉద్యోగం కోరే మామగారికి ఎంఎస్, చదువు కోరే మామగారికి పీహెచ్‌డీ కనిపించే ఈ బహుళార్థసాధక వాక్యాన్ని మార్చవలసి రావడం అతనికి వ్యాపార నష్టం.

ఇదే జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోసిగి, కౌతాళం, మంత్రాలయం మండలాల ఊళ్ల నుంచి మరో దూర ప్రయాణం సాగుతుంది. సుగ్గి అని పిలిచే ఆ కూలి వలసలో కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిరప కోతలకు బయలుదేరతాయి, బడిలో ఉండవలసిన పిల్లలు కూడా వాహనం ఎక్కుతారు. ఆ ప్రవేశ ప్రక్రియలో సిఫారసు లేఖలు లేవు, రుసుము లేదు, వెయిట్‌లిస్టు అసలే లేదు; మేస్త్రీ సాయంత్రం వచ్చి మనుషుల్ని లెక్కపెట్టుకుని పొద్దున బండి ఎక్కిస్తాడు. వారి తరఫున తెల్లవారుజామున లేచి ఫోను చూసే మేనమామలు ఉండరు, ఎందుకంటే మేనమామలూ అదే బండిలో ఉంటారు.

పట్టణాల్లో అప్పుడప్పుడూ ఏదో ఒక ఇంటికి అడ్మిటు నిజంగానే వస్తుంది. అది సాధారణంగా మూడున్నరకు వచ్చి, నాలుగింటికి వీధికి తెలిసి, ఏడింటికి ఉగ్గాని, బజ్జీలతో అభినందనలుగా మారుతుంది. ఎనిమిదింటికి లేఖ చివరి పేరా ఎవరో పైకి చదువుతారు. మొదటి ఏడాదికి ఆర్థిక సహాయం హామీ ఇవ్వలేమని అందులో ఉంటుంది. అక్కడి నుంచి తాకట్టు, వడ్డీ, డాక్టరు బిరుదు, చెల్లెలి పెళ్లి వరుసగా చర్చకు వచ్చి, తండ్రి ఇన్నాళ్లూ ఏం మొక్కుకున్నాడో తల్లికి మొదటిసారిగా తెలుస్తుంది, చేతిలో ప్లేట్లున్న బంధువులు వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక గోడల వంక చూస్తారు. ఇటువంటి సందర్భాల్లో మేనమామ గొంతు సవరించుకుని, వెయిట్‌లిస్టులో ఉన్న ఇంకో విశ్వవిద్యాలయం నుంచి ఏ సంగతీ తేలలేదు కాబట్టి అది తేలేదాకా ఎవరూ ఏమీ మాట్లాడకూడదని తీర్పు చెబుతాడు. ఇంటిల్లిపాదీ ఎంతో సంతోషంగా ఒప్పుకుని, అలారం మళ్లీ మూడున్నరకు పెట్టుకుంటారు.