విసరలేక రిసీవర్ ఓడు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో తన్నేవాడికి పెద్దగా విలువ లేదు. చేత్తో విసిరేవాడిదే రాజ్యం. అతను క్వార్టర్‌బ్యాక్. ముందుకు పరుగెత్తి ఆ బంతిని అందుకునేవాడు రిసీవర్. ఆట సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరిలో ముగుస్తుంది. వీళ్లిద్దరిలో తప్పు ఎవరిదన్న పంచాయితీకి మాత్రం సెలవుల్లేవు.

అభిమాని రాసుకునే పద్దు చాలా సులువు. బంతి అందితే విసిరినవాడి గొప్ప, జారితే పట్టాల్సినవాడి తప్పు. లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) వాళ్ల పద్దు ఇంకా విచిత్రం. ఒక్క యార్డు దూరం విసిరిన బంతిని రిసీవర్ అందుకుని, నలుగురిని విదిలించుకుని, ఎనభై యార్డులు పరుగెత్తితే ఎనభై ఒక్క యార్డులూ క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో పడతాయి. అదే బంతి రిసీవర్ చేతుల్లోంచి ఎగిరి ప్రత్యర్థి ఒళ్లో పడితే ఆ ఇంటర్‌సెప్షన్ కూడా క్వార్టర్‌బ్యాక్ నెత్తినే. లాభమూ అతనిదే, దండుగా అతనిదే.

విసిరేవాళ్లను తూచడానికి 1973లో ఎన్‌ఎఫ్‌ఎల్ పాసర్ రేటింగ్ పెట్టింది. నాలుగు లెక్కలు తీసి, ఏదీ 2.375 దాటకుండా కత్తిరించి, కలిపి, ఆరుతో భాగించి, వందతో హెచ్చవేయాలి. ఏ లోపమూ లేని మహానుభావుడికి 158.3 వస్తుంది. వందా కాదు, నూట యాభయ్యీ కాదు. అసలు తమాషా అడుగున ఉంది. విసిరిన ప్రతి బంతినీ నేలకేసి కొట్టినవాడికీ 39.6 వస్తుంది. ప్రత్యర్థికి ఒక్కటీ ఇవ్వలేదు కదా అని ఆ పద్దు కింద నిండు మార్కులు! 2017 నవంబరులో బఫెలో బిల్స్ తరఫున దిగిన నేథన్ పీటర్‌మన్, చార్జర్స్‌తో ఆటలో మొదటి సగంలోనే ఐదు ఇంటర్‌సెప్షన్లు సమర్పించుకుని 17.9 తెచ్చుకున్నాడు. ఆ పూట బంతులన్నీ గడ్డిలో పారేసి ఉంటే రెట్టింపుకు పైగా వచ్చేది. ఇది చాలదన్నట్టు 2011లో ఈఎస్‌పీఎన్ క్యూబీఆర్ అనే ఇంకో కొలబద్ద తెచ్చింది. అప్పట్నుంచి ఓడిన వాదాన్ని రెండో కొలబద్ద మీద మళ్లీ మొదలుపెట్టే వీలు దొరికింది.

అంకెలకున్న గొప్ప గుణం, పిలిచిన ఎవరి తరఫునైనా వచ్చి సాక్ష్యం చెప్పడం. 2019లో లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 5,109 యార్డులు విసిరినవాడు టంపా బే క్వార్టర్‌బ్యాక్ జేమిస్ విన్‌స్టన్. 33 టచ్‌డౌన్లు. ఇంటర్‌సెప్షన్లు 30. ఆ ముప్పయ్యోది ఆఖరి మ్యాచ్ అదనపు సమయంలో విసరగా, ప్రత్యర్థి దాన్ని టచ్‌డౌన్‌గా మార్చి సీజన్‌కు మంగళం పాడేశాడు. తర్వాత విన్‌స్టన్ కళ్లకు లేసిక్ ఆపరేషన్ చేయించుకున్నాడు. మరుసటి ఏడు అదే జట్టుకు, అదే రిసీవర్లు మైక్ ఎవాన్స్, క్రిస్ గాడ్విన్‌లకు, నలభై మూడేళ్ల టామ్ బ్రేడీ బంతులు విసిరాడు. 40 టచ్‌డౌన్లు, 12 ఇంటర్‌సెప్షన్లు, పైన లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలుపు. "చూశారా, అంతా విసిరేవాడి చేతిలోనే ఉంది" అన్నారు ఒక పక్షం వారు. "అంతకుముందు ఏడు న్యూ ఇంగ్లండ్‌లో సరైన రిసీవర్లు లేక ఇదే బ్రేడీ 24 టచ్‌డౌన్ల దగ్గర ఆగలేదా?" అన్నారు రెండో పక్షం వారు. ఇద్దరూ బ్రేడీనే చూపిస్తున్నారు.

2022 మార్చిలో కాన్సస్ సిటీ తన మెరుపుతీగ రిసీవర్ టైరీక్ హిల్‌ను మయామీకి ఇచ్చేసింది. ఇక వాళ్ల క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ పని అయిపోయిందన్నారు. ఆ సీజన్‌లో మహోమ్స్ 5,250 యార్డులతో లీగ్‌లో మొదటివాడై సూపర్ బౌల్ గెలిచాడు. మహోమ్స్ లేకపోతే హిల్ పని అయిపోతుందన్నవాళ్లూ ఉన్నారు. హిల్ మయామీలో 1,710 యార్డులు సాధించాడు. జోస్యం రెండు వైపులా తప్పినా జ్యోతిష్కుల్లో ఒక్కరి ఉద్యోగమూ పోలేదు.

మార్చి వస్తే ఫ్రీ ఏజెంట్ల సంత. ఒప్పందం ముగిసిన ఆటగాళ్లతో సోమవారం మధ్యాహ్నం నుంచి బేరమాడవచ్చు, సంతకాలు మాత్రం బుధవారం సాయంత్రం దాకా కుదరవు. సోమవారం గంట కొట్టిన నిమిషాల్లోనే కోట్ల డాలర్ల ఒప్పందాలు ఖాయమయ్యాయని వార్తలొస్తాయి. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు జేబులోంచి అచ్చయిన శుభలేఖలు తీసినట్టు ఉంటుంది వ్యవహారం.

2021లో న్యూయార్క్ జయింట్స్ తమ కుర్ర క్వార్టర్‌బ్యాక్ కోసం రిసీవర్ కెనీ గోలడేని నాలుగేళ్లకు 7.2 కోట్ల డాలర్లకు తెచ్చుకుంది. రెండేళ్ల ముందు టచ్‌డౌన్ క్యాచ్‌లలో లీగ్‌లోనే మొదటివాడు మరి. జయింట్స్‌లో రెండు సీజన్లు కలిపి అతను పట్టిన టచ్‌డౌన్ ఒక్కటి. మరుసటి మార్చిలో అదే 7.2 కోట్లకు జాక్సన్‌విల్ జట్టు రిసీవర్ క్రిస్టియన్ కిర్క్‌ను కొంటే దేశమంతా నవ్వింది, ఏ సీజన్‌లోనూ వెయ్యి యార్డులు దాటనివాడని. అతను ఆ ఏడే 1,108 చేశాడు. నవ్విన నిపుణులు నిపుణులుగానే కొనసాగుతున్నారు.

మన డాలస్ తెలుగువారి బాధ వేరు. వై2కే బగ్ దులపడానికి మనవాళ్లు విమానాలెక్కకముందే, 1996 జనవరిలో, కౌబాయ్స్ ఆఖరి సూపర్ బౌల్ గెలిచేశారు. ఆనాడు దిగినవారి పిల్లలిప్పుడు ఫ్రిస్కోలో ఇళ్లు కొనుక్కుని, అదే జెర్సీ తొడుక్కుని, "డాక్‌కి వెపన్స్ లేవన్నా" అంటున్నారు. 2023లో కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ పక్కన 1,749 యార్డులు చేసిన రిసీవర్ సీడీ ల్యాంబ్ ఉన్నాడు. ఆ సీజన్ ప్లేఆఫ్‌లో సొంతగడ్డ మీద గ్రీన్ బే చేతిలో 48-32తో ఓడారు. ఆ రోజు డాక్ విసిరింది 403 యార్డులు. చాలా భాగం ఇల్లు కాలిపోయాక తోడిన నీళ్లే అయినా, లెక్కల పుస్తకంలో నీళ్లు నీళ్లే. 2024 సెప్టెంబరులో డాక్‌కు ఏడాదికి 6 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం కుదిరింది.

ఈ గోలలో ఎవరూ తలచనివారు ఐదుగురున్నారు. క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడే లైన్‌మెన్. పట్టరు, విసరరు, కాబట్టి పాసర్ రేటింగ్‌లో వాళ్లకు గడే లేదు. 2021 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో కాన్సస్ సిటీకి మహోమ్స్, హిల్, బంతులు అందుకునే ట్రావిస్ కెల్సీ ముగ్గురూ ఉన్నారు. గోడకు రెండు చివర్లా నిలవాల్సిన అసలు ఆటగాళ్లు ఇద్దరూ గాయాలతో లేరు. మహోమ్స్ ఆట పొడవునా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తాడు. కాన్సస్ సిటీ ఒక్క టచ్‌డౌన్ చేయకుండా 31-9తో ఓడింది. ఆ వేసవికి వాళ్లు కొన్నది గోడ. హిల్ వెళ్లిపోయాక, 2023 ఫిబ్రవరిలో, ఆ సీజన్‌లో క్వార్టర్‌బ్యాక్‌లను 70 సార్లు పడగొట్టిన ఫిలడెల్ఫియా మహోమ్స్‌ను ఒక్కసారి కూడా పడగొట్టలేకపోయింది. ఆ రోజు అతని ముందు నిలబడ్డ ఐదుగురి పేర్లు ఫోన్ చూడకుండా చెప్పగలిగినవారు ఎవరైనా రిసీవర్ల చర్చకు రావచ్చు. మిగతావారు దయచేసి వచ్చే మార్చి దాకా ఆగండి.