పాత మిత్రుల విందు: తయారుచేసే విధానం

ముందుగా ఇరవై ఏళ్ల నాటి స్నేహితులను నలుగురిని తీసుకోండి. హాస్టల్లో ఒకే బకెట్టు పంచుకున్నవాళ్లయితే శ్రేష్ఠం. కొత్త పరిచయాలు పనికిరావు, వాళ్ల దగ్గర దాచేంత సరుకు ఉండదు. జంటలుగానే పిలవండి. ఒంటరిగా వచ్చినవాడి గుట్టు రట్టయితే వాడు నవ్వేసి ఊరుకుంటాడు. పక్కన భార్య ఉంటేనే దానికి ఉప్పూకారం.

ఇల్లు తెల్లాపూర్ వైపు పదిహేడో అంతస్తులో ఉంటే మంచిది. ఎందుకో చివర్లో చెబుతాను.

బిర్యానీ ఆలస్యంగా ఆర్డరు పెట్టండి. ఆకలి మీదున్నవాళ్లు అబద్ధం సరిగ్గా ఆడలేరు. ఈలోగా ఎవరో ఒకరు, మీరే అయినా ఫర్వాలేదు, "మన మధ్య దాపరికాలేంటి మామా, ఫోన్లన్నీ బల్ల మీద పెట్టేద్దాం, వచ్చిన మెసేజి పైకి చదవాలి" అనాలి. ఇది మన బుర్రలో పుట్టిన ఆట కాదు. 2016లో పావ్లో జెనోవేసే తీసిన ఇటాలియన్ సినిమాలో ఏడుగురు మిత్రులు భోజనాల దగ్గర ఇదే ఆడి కొంపలు ముంచుకున్నారు. 2019 నాటికే దాన్ని 18 సార్లు మళ్లీ తీశారని గిన్నిస్ వాళ్లు లెక్క రాసుకున్నారు. హిందీలోనూ 2024లో 'ఖేల్ ఖేల్ మే' అని వచ్చింది. ఇన్నిసార్లు చూశాక కూడా జనం ఫోన్లు బల్ల మీద పెడుతూనే ఉన్నారు కాబట్టి మీ విందుకు ఢోకా లేదు.

వాట్సాప్‌లో చాట్ లాక్ పెట్టుకున్నవాడిని చూసి నిరాశపడకండి. 2023లో వచ్చిన ఆ సదుపాయంతో పంపినవారి పేరు కనబడదు, 'కొత్త మెసేజి' అని మాత్రమే పడుతుంది. పేరు కనబడితే వాళ్లావిడ ఒక్కరినే అనుమానించేది.

అయితే సినిమాలు చూసి అక్రమ సంబంధాల కోసం ఎదురుచూడొద్దు. మన బల్లల దగ్గర పేలేవి వేరే. బ్యాంకు మెసేజి కోసం కాచుకోండి. దానికి మొహమాటం లేదు, సమయం సందర్భం లేదు. "మీ గోల్డ్ లోన్ వడ్డీ గడువు..." అని గృహస్థు గొంతు సగంలో ఆగుతుంది. "ఆ హారం లాకర్లో ఉందన్నారుగా?" అని వదినగారు చాలా మెల్లగా అడుగుతారు. అప్పుడు మిగతా అందరూ రైతా గిన్నెలోకి చూడాలి. ఉల్లిపాయ ముక్కలు లెక్కపెట్టినా తప్పులేదు.

దీన్నుంచి తేరుకోకముందే రెండో గ్రూపు బయటపడాలి. ప్రతి స్నేహితుల గ్రూపుకూ ఒకడిని తీసేసిన మరో గ్రూపు ఉంటుంది. ఆ ఒకడు ఎప్పుడూ అదే మాట మీద నమ్మకంతో ఉంటాడు: మా గ్యాంగ్‌లో అలాంటివి లేవు. రాలేకపోయిన మిత్రుడు బెంగళూరు నుంచి "వాడొచ్చాడా? మన ఊటీ ప్లాను వాడి ముందు ఎత్తకండ్రా" అని పంపుతాడు. ఆట నియమం ప్రకారం దాన్ని పైకి చదవాలి. ఆ 'వాడు' నీళ్ల జగ్గు అందిస్తూ ఉంటాడు. (అనుభవంతో చెబుతున్నా. జగ్గు బరువుగానే ఉంటుంది.) హారం తాకట్టు గొడవ ఆర్నెల్లలో వడ్డీతో సహా తీరుతుంది. ఊటీ సంగతి తీరదు. "అది టికెట్ల కోసం పెట్టుకున్న గ్రూపు మామా" అనండి. మూడేళ్ల కిందట మొదలైనట్టు ఫోనే చూపిస్తుంటే ఇంకా హాయి.

సరిగ్గా ఇప్పుడు గేటు దగ్గర నుంచి సెక్యూరిటీ ఫోను చేస్తాడు, బిర్యానీ వచ్చింది పంపమంటారా అని. పంపమనండి. ఎవరూ తినరు.

ఇక పదిహేడో అంతస్తు సంగతి. అలిగి బయటికి నడిచినవాళ్లు కూడా లిఫ్టు వచ్చేదాకా మీ గుమ్మం ముందే నిలబడాలి, చెప్పులేసుకుని, అంకెలు చూస్తూ. ఆ రెండు నిమిషాల్లో బిర్యానీ సర్ది చేతికివ్వండి. అది వచ్చిన ప్లాస్టిక్ డబ్బాల్లోనే ఇవ్వండి. స్టీలు డబ్బాలు తిరిగి రావు.