‘బాగుంది రా’ అను మార్జిన్ వ్యాఖ్యకు టీకా తాత్పర్యం

మూలం: బాగుంది రా. ఇంకొంచెం వివరంగా రాస్తే ఇంకా బాగుండేది. చేతిరాత సూపర్.

అవతారిక: డిగ్రీ తెలుగు తరగతి. ‘కన్యాశుల్కం’లో గిరీశం పాత్రను విశ్లేషిస్తూ వ్యాసం రాయండి, పక్కవాళ్లతో కాగితాలు మార్చుకోండి, చదివి మార్జిన్లో అభిప్రాయం చెప్పండి అని మేడమ్ ఆజ్ఞ. బెల్లు కొట్టబోతుండగా మన కర్త పెన్ను మూత తీసెను.

ప్రతిపదార్థం: బాగుంది = చదివితిని, లేదా చదవలేదు; రా = నాదీ ఇలాగే చూడు; ఇంకొంచెం = ఎంతో నన్నడగకు; వివరంగా = ఎక్కడో అసలే అడగకు; రాస్తే ఇంకా బాగుండేది = విమర్శ చేసినట్టు మేడమ్‌కు కనబడుటకై; చేతిరాత = ఈ వ్యాసమున నిశ్చయముగా నా కంటబడినది; సూపర్ = పాదపూరణము.

తాత్పర్యం: నీ జోలికి నేను రాను, నా జోలికి నువ్వు రాకు.

విశేషాలు: ‘ఇంకొంచెం వివరంగా’ అన్నచోట అనర్థం జరిగింది. ఆ వ్యాసంలో ఉన్నది దాదాపు అంతా కథే. గిరీశం వెంకటేశానికి చదువు చెప్పే మిషతో అగ్రహారం చేరడం, బుచ్చమ్మకు వితంతు వివాహం గురించి నూరిపోయడం, ఇవన్నీ వ్యాసం రాసిన మిత్రుడు వరసగా చెప్పుకుపోయాడు. కథ చెప్పడం విశ్లేషణ కాదురా అనవలసిన చోట వివరం అడిగితే ఏమవుతుంది? ఆ మిత్రుడు మరో పేజీ కథ చేర్చాడు. 1909లో గురజాడ 1897 నాటి నాటకాన్ని బాగా పెంచి తిరగరాశాడు కనుక కథకు కొదవ లేదు.

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే ప్రతిజ్ఞ పట్టాడు. మనవాడు ఆ రెండింటినీ మూడు వాక్యాల్లో భంగపరిచాడు. అయితే న్యాయం మాట్లాడాలి. కాళిదాసు మల్లినాథుడి పక్క బెంచీలో కూర్చోలేదు, మధ్యాహ్నం ఆయనకు తన క్యారేజీలోంచి గోంగూర పెట్టనూ లేదు. పైగా మన పుస్తకావిష్కరణ సభల్లో పెద్దలు వేదికెక్కి చేసే విమర్శకు, ఈ మార్జిన్ విమర్శకు తేడా శాలువా ఒక్కటే. పిల్లలు ఎవర్ని చూసి నేర్చుకోవాలి?

పాఠాంతరం: వెనక బెంచీలో ఒక కాగితం మీద పెన్సిల్‌తో వేరే పాఠం కనబడుతోంది: ‘మూడో పేరాలో గిరీశం సంస్కరణ మాటలన్నీ వేషమే అన్నావు. అది నీకు ఏ అంకంలో, ఏ మాట దగ్గర తెలిసింది? బుచ్చమ్మతో మాట్లాడే చోటు ఒకటి చూపించు, నమ్ముతాను. చివరి పేరాలో మధురవాణితో పోల్చావు చూడు, అది నాకు తట్టలేదు.’ అందుకున్న పిల్ల మొదట మొహం ముడుచుకుంది. తరవాత పుస్తకం తెరిచి, మూడో పేరా కొట్టేసి మళ్లీ రాసింది.

ఇందులో ‘సూపర్’ లేని కారణాన ఈ పాఠం ప్రక్షిప్తమని తరగతి పండితులు ఏకగ్రీవంగా తేల్చారు.