పంది ముక్కు, నా ఒంటి కన్ను

కుక్కేలో ఆది సుబ్రహ్మణ్యుడు, ఘాటిలో మధ్య సుబ్రహ్మణ్యుడు, మా నాగలమడికలో అంత్య సుబ్రహ్మణ్యుడు. పాముల సంగతి ఆయన చూసుకుంటాడు. అడవిపందుల సంగతి మా ఆవిడ నాకు అప్పజెప్పింది.

చెనిక్కాయ ఊరే వేళకు పందులు చేలో దిగుతాయి. తినేది కొంచెం, తవ్విపోసేది సాళ్ళకు సాళ్ళు. ఊళ్ళో వాళ్ళు చేను చుట్టూ పాత చీరలు కడతారు, మంగలి అంగడి నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లుతారు, రాత్రి డబ్బా కొడతారు. నేను చదువుకున్నవాణ్ణి కదా, చీకట్లో చూసే ఒంటికంటి దుర్భిణి కొందామన్నాను. కొనే వస్తువు తొడుగు గట్టిదై ఉండాలి. అక్కడ మొదలైంది నా పరిశోధన.

అల్యూమినియమైతే రాతి మీద పడినా పగలదు గానీ సొట్టపోతుంది, లోపలి కటకాల వరుస చెడుతుంది. పైగా మా పావగడ ఎండ! తిరుమణి చుట్టుపక్కల 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టింది ఈ ఎండను నమ్ముకునే. పగలు గట్టు మీద మరచిపోతే సాయంత్రం దాన్ని పట్టుకారుతో తీయాలి. ప్లాస్టిక్కంటే నాకు చులకన. తీరా చూస్తే అమెరికా సైనికులు చీకట్లో వాడే పీవీఎస్-14 దుర్భిణి తొడుగు కూడా గట్టి ప్లాస్టిక్కే! తేలిక, దెబ్బనూ కొంత ఓర్చుకుంటుంది. అసలు ప్రాణం తొడుగులో లేదట, బ్యాటరీ మూత కింది సన్నటి రబ్బరు చుట్టలో ఉందట. అది బీటలిచ్చిందా, మా ఎర్రదుమ్ముకు తలుపు తీసినట్టే. ఐపీ 67 గుర్తుంటే దుమ్ము దూరదు, మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా చెడదు. మా ఉత్తర పినాకినిలో మీటరు నీళ్ళొచ్చిన రోజు ఊరంతా ఏటి ఒడ్డునే ఉంటుంది, దుర్భిణి ఎవడిక్కావాలి?

ఉన్నమాట చెబుతున్నా. నాకు చీకటంటే భయం. తొడుగు తేలనంతకాలం రాత్రి చేనికి పోయే పని తప్పుతుంది. అందుకే అల్యూమినియం నుంచి ప్లాస్టిక్కుకు, ప్లాస్టిక్కు నుంచి రబ్బరు చుట్టకు మెల్లగా, ఎంతో బాధ్యతగా నడుస్తున్నాను.

పందికి కనబడని కాంతి వేసే దీపం ఉన్నదే ఎంచుకోవాలని ఒక రాత్రి అన్నం దగ్గర వివరించాను.

"పందికి చూపు యాడుంది సామీ? అది ముక్కుతోనే కదా అంతా కనుక్కునేది" అంది మా ఆవిడ, సంగటి ముద్ద వేస్తూ. "మీరు రాసుకునే అత్తరుకు అవతలి ఊరి పంది కూడా తెలుసుకుంటాది."

నేను నానోమీటర్ల గురించి చెప్పబోయాను. ఆమె టార్చి, డబ్బా తీసుకుని తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది.

తెల్లారి చూస్తే దండెం మీద నా పంచె లేదు. చీరలు చాల్లేదని ఏటి వైపు గట్టుకు కట్టారట. ఆ పక్కకు పందులు రాలేదని బామ్మర్ది సంబరంగా చెప్పాడు.

"ఉతికి కట్టారా?" అన్నాను.

"ఉతికితే ఇంకేముంది బావా!" అన్నాడు.

మా ఆవిడ కాఫీ గ్లాసు నా ముందు పెట్టింది. "మీ తరఫున అదన్నా చేనికొచ్చింది. ఈ రాత్రికి బనీను కూడా ఇయ్యండి."