బ్యాంకు వారి క్షవరం

అప్పుల మీద మా జంషెడ్‌పూర్ బారిడీహ్ సెలూన్లో జరిగినంత లోతైన చర్చ ఏ బ్యాంకులోనూ జరగదు. మొన్న ఆదివారం పక్క కుర్చీలో గడ్డానికి సబ్బు నురగ పట్టించుకుని కూర్చున్న మా ఆటో బావ (వాళ్ళ తాత, మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఒకే రైల్లో టిస్కోలో, అంటే ఇప్పటి టాటా స్టీల్లో, పనికి వచ్చారు, ఆ లెక్కన బావ) హిందీ పేపరు నా ముందుకు తోశాడు.

"ఇదేటి బావా! జహాఁ హై, జైసా హై, జో హై అని రాసారు. వేదాంతమా?"

వేదాంతం కాదు, వేలం. ఎక్కడ ఉందో అక్కడే, ఎలా ఉందో అలాగే, ఏముందో అదే అమ్ముతాం, కొన్నాక మమ్మల్ని అడగొద్దు అని బ్యాంకు చెప్పే మాట. ఉపనిషత్తుల్లో చేరాల్సిన వాక్యం దారి తప్పి వర్గీకృత ప్రకటనల్లో పడింది.

బావకి చట్టం చెప్పాలని నాకు సరదా పుట్టింది. 2002లో సర్ఫేసీ అనే చట్టం వచ్చింది. ఇల్లు తనఖా పెట్టి అప్పు తీసుకున్నవాడు 90 రోజులకు పైగా వాయిదా ఎగ్గొడితే ఖాతా మొండి బాకీ అవుతుంది. అప్పుడు బ్యాంకు కోర్టు గడప తొక్కకుండానే 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వొచ్చు. మనం అభ్యంతరం రాస్తే 15 రోజుల్లో జవాబివ్వాలి. గడువు దాటితే స్వాధీనం. మొదట లాంఛనంగా స్వాధీనం చేసుకుంటారు, అంటే గుమ్మానికి ఒక కాగితం అంటిస్తారు. మనం లోపలే ఉంటాం, అన్నం తింటాం, పడుకుంటాం, ఇల్లు మాత్రం కాగితం మీద వాళ్ళది. అదే సంగతి రెండు పేపర్లలో వేయాలి, ఒకటి ఆ ప్రాంత భాషలో. మా ప్రాంత భాష హిందీ. తెలుగువాడి పరువు జంషెడ్‌పూర్లో పోయినా హిందీలోనే పోవాలి. ఆ తర్వాత జిల్లా కలెక్టరు, ఇక్కడి మాటలో డీసీ సాహెబ్, పోలీసులను పంపి తాళం వేయిస్తారు. బాకీ కట్టేసి ఇల్లు విడిపించుకోవాలంటే వేలం ప్రకటన అచ్చయ్యేలోపే కట్టాలి. 2016లో మార్చారు. అంతకు ముందు అమ్మకం దాకా ఆగేవారు.

"మరి మొర పెట్టుకోడానికి?"

రాంచీలో అప్పుల ట్రిబ్యునల్ ఉంది, 45 రోజుల్లోపు వెళ్ళాలి. చట్టం పుట్టినప్పుడైతే, కట్టలేనని మొర పెట్టుకోవాలంటే ముందు బాకీలో 75 శాతం కట్టమన్నారు. ఆస్పత్రిలో చేర్చుకోవాలంటే ముందు ఆరోగ్యం చూపించమన్నట్టు. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ షరతు కొట్టేసింది. పై అప్పీలుకి మాత్రం ఇప్పటికీ సగం కట్టాలి, దయ తలిస్తే పావు.

బావ నురగ ముఖంతో చాలాసేపు ఆలోచించాడు. "మరి నా ఆటోకి 60 రోజులు ఇవ్వలేదేటి?"

నిజమే. పోయిన ఏడాది మూడు వాయిదాలు తప్పాడని నలుగురు కుర్రాళ్ళు నడిరోడ్డు మీద ప్యాసింజర్లను దింపి, తాళం లాక్కుని ఆటో తోలుకుపోయారు. అది ఫైనాన్స్ కంపెనీ అప్పు. 20 లక్షల లోపు ఫైనాన్స్ కంపెనీ అప్పులకి సర్ఫేసీ వర్తించదు. అంటే నోటీసు, జవాబు, డీసీ సాహెబ్, ఆ మర్యాదలన్నీ పెద్ద అప్పుకే. చిన్న అప్పుకి, చీమ తలకాయంత అక్షరాల కింద నువ్వు చేసిన సంతకం చాలు. రౌడీలతో బళ్ళు లాక్కోవద్దని సుప్రీంకోర్టు 2007లోనే మందలించింది. 2023లో పాట్నా హైకోర్టు, ఇలా బళ్ళు లాక్కోవడం బతుకుతెరువు హక్కు లాక్కోవడమేనని తీర్పిచ్చింది. కానీ 2000లో మన ఝార్ఖండ్ బీహార్ నుంచి వేరుపడింది కదా, పాట్నా తీర్పు మనకి పొరుగింటి పెద్దాయన సలహా లాంటిది.

ఇక్కడ హాస్యం కాసేపు ఆపాలి. 2022 సెప్టెంబరులో మన హజారీబాగ్ జిల్లాలో ట్రాక్టరు అప్పు వసూలుకి వచ్చినవాళ్ళ చేతిలో ఆ ట్రాక్టరు చక్రాల కిందే ఒక రైతు కూతురు, గర్భిణి, చనిపోయింది. రిజర్వు బ్యాంకు ఆ ఫైనాన్స్ కంపెనీని బయటి మనుషులతో వసూళ్ళు ఆపమంది. 2023 జనవరిలో ఆ ఆంక్ష ఎత్తేసింది.

"పోనీ, నా ఇల్లు వేలం వేస్తారా?" అన్నాడు బావ.

"నీ ఇల్లు ఎవరూ వేలం వేయలేరు బావా."

"ఎందుకని?"

"నీకు ఇల్లు లేదు కాబట్టి. నువ్వందులో ఉంటున్నావంతే."

బస్తీ ఇల్లు. భూమి సర్కారుది, ఇటుకలు బావవి. ఊళ్ళోని 86 బస్తీలకి మాలికానా హక్కు, అంటే యాజమాన్య హక్కు, ఇస్తామని మేం పుట్టినప్పట్నుంచీ ప్రతి ఎన్నికల్లోనూ వింటున్నాం. హక్కు కాగితం లేదు, కాగితం లేక తనఖా లేదు, తనఖా లేక బ్యాంకు లేదు. లక్షణంగా అప్పు ఎగ్గొట్టే యోగ్యత కూడా మా బస్తీవాళ్ళకి లేదు. మిగిలింది చెల్లాయి మెళ్ళో బంగారం. దాన్ని కుదువ పెడితే మళ్ళీ సర్ఫేసీ వర్తించదు. అది 1872 నాటి కాంట్రాక్టు చట్టం కిందికి వస్తుంది. సబబైన నోటీసు ఇచ్చి అమ్మేసుకోవచ్చు. ఎన్ని రోజులైతే సబబో చట్టంలో లేదు.

ఇంతలో నా నెత్తి మీద కత్తెర ఆడుతుంటే పెద్దవాళ్ళ అప్పులు గుర్తొచ్చాయి. వాటికి తాళాలూ తోపులాటలూ ఉండవు. బ్యాంకే తల వంచి హెయిర్‌కట్ చేయించుకుంటుంది. ఇది నా చమత్కారం కాదు, బాకీలో కొంత వదులుకోవడానికి బ్యాంకుల వాళ్ళు వాడే మాటే. తెలుగులో మనం ఎప్పట్నుంచో దాన్ని క్షవరం అంటున్నాం. 2018లో భూషణ్ స్టీల్ బ్యాంకులకి దాదాపు 56 వేల కోట్లు బాకీ ఉంటే, దాన్ని కొన్న మా ఊరి టాటా స్టీల్ 35,200 కోట్లు కట్టింది. తక్కిన దానికి కొన్ని వాటాలు పుచ్చుకుని బ్యాంకులు తల తడుముకున్నాయి. మా ఊరి కంపెనీని తప్పుపట్టను, కొనేవాడు బేరమాడతాడు. విజయ్ మాల్యా గారి ముంబయి కింగ్‌ఫిషర్ హౌస్‌నైతే 2016లో 150 కోట్లకి వేలం పెడితే ఒక్కడూ రాలేదు. వేలం మీద వేలం వేసి, 2021లో 52 కోట్ల పాతిక లక్షలకి ఒక హైదరాబాద్ కంపెనీకి అమ్మారు. మాల్యా గారు అప్పటికి అయిదేళ్ళుగా లండన్‌లో ఉన్నారు.

"నా ఆటో ఎంతకి అమ్మారో?" అన్నాడు బావ. ఇంకా 38 వేలు బాకీ అని వాళ్ళ దగ్గర్నుంచి కాగితం వచ్చిందట. ఆటో ధర మాత్రం అందులో లేదట.

అందుకే బావకి చెప్పాను, మీకూ చెబుతున్నాను. అప్పు కాగితం మీద సంతకం పెట్టిన రోజునే ఒక నకలు అడిగి తీసుకోండి. నోటీసు వస్తే పోస్ట్‌మ్యాన్‌ని తిప్పి పంపకండి, జవాబు రాయండి. బండి అమ్మితే ఎంతకి అమ్మారో రాతపూర్వకంగా అడగండి.

బావ గడ్డం అయింది. జేబులు తడుముకున్నాడు. సెలూన్ భాయ్ ఏమీ అనకుండా గోడ మీద సుద్దముక్కతో ఇంకో గీత గీశాడు. అది నాలుగోది.